స్పీడ్ కెమెరాల మీద రీసెర్చ్ పేపర్లు మామూలు జనం ఎక్కడ చదవాలి? రణస్థలం వైపు హైవే సంగతి

హైవేపక్కిల్లు:

అందరికీ నమస్తే. మాది రణస్థలం మండలం, ఊరు సరిగ్గా 16వ నంబరు హైవేకి ఆనుకుని ఉంటది. ఇళ్లు ఒకపక్క, పొలాలు ఇంకోపక్క, మధ్యలో హైవే. ఆరు లైన్లు చేసినాక బళ్లు ఏ రేంజ్‌లో పోతున్నాయో చెప్పక్కర్లేదు, సాయంత్రం ఆవుల్ని ఇవతలికి దాటించాలంటే ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు తోలడానికి ఇంకొకరు చెయ్యెత్తి లారీల్ని ఆపడానికి. ఊర్లో పెద్దలు, మేం కొంతమంది కుర్రాళ్లం కలిసి సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్లి మా జంక్షన్ దగ్గర స్పీడ్ కెమెరా పెట్టండి, అది కుదరకపోతే అప్పుడప్పుడైనా స్పీడ్ గన్ను బండి నిలబెట్టండి అనీసి అర్జీ ఇచ్చేం. అక్కడున్న ఒక సారు అర్జీ మొత్తం చదివేరు, చిరాకు పడలేదు, మర్యాదగానే మాట్లాడేరు, కానీ కెమెరా పెడితే యాక్సిడెంట్లు తగ్గుతాయని గ్యారంటీ ఏటి, ఎక్కడైనా తగ్గినట్టు స్టడీ ఉంటే జతచేసి ఇవ్వండి పైకి పంపిస్తాను అన్నారు.

సరే కదా అని ఇంటికొచ్చి నెట్‌లో వెతికేను. స్టడీలు లేవా అంటే బోలెడున్నాయి. కాకపోతే ప్రతీదానికీ పైన ఒక పేరా చూపిస్తది, కింద పీడీఎఫ్ నొక్కితే ముప్పై డాలర్లు నలభై డాలర్లు అని కార్డు నంబరు అడుగుతది, అంటే ఒక్క పేపరుకి మూడు వేలు, అది కూడా కొన్నాక మనకి పనికొస్తదో లేదో తెలీదు. చచ్చిపోయేది రోడ్డు మీద జనం, రీసెర్చ్‌కి డబ్బులిచ్చేది చాలావరకు గవర్నమెంట్లు, మళ్లీ అది చదవడానికి జనమే డబ్బు కట్టాలంటే ఇదెక్కడి లెక్క?

నాకు కావాల్సింది ఏటంటే, దొంగ దారిలో కాకుండా ఫ్రీగా చదవగలిగేవి ఎక్కడుంటాయి, మన దేశం గురించి ఏమైనా ఉన్నాయా, అర్జీకి జతచెయ్యడానికి ఏవి ప్రింటు తియ్యాలి. నేను బీకాం, స్టాటిస్టిక్స్ పెద్దగా రాదు, అర్థమయ్యేటట్టు చెప్పండి ప్లీజ్.

మూడులాంతర్లు:

విజయనగరం నుంచి, సివిల్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా, నా టాపిక్ కూడా ట్రాఫిక్కే కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా ఓపిక పట్టు తమ్ముడూ.

ముందు నువ్వు జర్నల్ పేపర్ల వెంట పడటం మానెయ్. స్పీడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ మీద మంచి సరుకు చాలా గవర్నమెంటు, పెద్ద సంస్థల రిపోర్టుల్లో ఉంటది, అవి మొదట్నుంచీ ఫ్రీయే, జర్నల్‌లో వచ్చేది కొన్నిసార్లు అందులోంచి తీసిన ముక్కే. బ్రిటన్‌లో స్పీడ్ కెమెరాల ప్రోగ్రాం మీద నాలుగేళ్ల ఎవాల్యుయేషన్ 2005లో వాళ్ల రవాణా శాఖే బయటపెట్టింది, కెమెరా ఉన్న చోట్ల చనిపోయినవాళ్లు తీవ్రంగా గాయపడినవాళ్లు కలిపి 42 శాతం తగ్గేరని అందులో ఉంది. అక్కడే ఆర్ఏసీ ఫౌండేషన్ అనే రోడ్డు రవాణా రీసెర్చ్ సంస్థ కోసం రిచర్డ్ ఆల్సప్ అనే ప్రొఫెసర్ 2010లో రాసిన రిపోర్టు ఇంకా సులువుగా అర్థమవుతుంది, అదీ ఫ్రీ. డబ్ల్యూహెచ్‌ఓ వాళ్లది స్పీడ్ మేనేజ్‌మెంట్ మాన్యువల్ ఉంది, 2023లో రెండో ఎడిషన్ వచ్చింది. ఓఈసీడీ అనే దేశాల కూటమి కింద ఉండే రవాణా సంస్థ ఐటీఎఫ్ 2018లో స్పీడుకీ యాక్సిడెంట్లకీ ఉన్న సంబంధం మీద పది దేశాల లెక్కలతో రిపోర్టు వేసింది. ఇవన్నీ గూగుల్‌లో పేరు కొట్టి పక్కన పీడీఎఫ్ అని రాస్తే దిగిపోతాయి, ఒక్క రూపాయి అక్కర్లేదు.

నువ్వు ప్రింటు తియ్యాల్సింది మాత్రం కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ వాళ్ల రివ్యూ. 2010లో వచ్చింది, ప్రపంచం మొత్తం మీద స్పీడ్ కెమెరాల మీద జరిగిన 35 స్టడీలు ఒకచోట పెట్టి జల్లెడ పట్టేరు. కెమెరా పరిసరాల్లో ప్రాణం పోయే, తీవ్రంగా గాయపడే యాక్సిడెంట్లు 11 నుంచి 44 శాతం దాకా తగ్గేయి అని తేలింది, అదే రివ్యూలో ఆ స్టడీల క్వాలిటీ అంతంతమాత్రమే అని కూడా వాళ్లే రాసుకున్నారు. దాని సారాంశం మామూలు భాషలో ఫ్రీగా ఉంటది, రెండు పేజీలు కూడా ఉండదు. సారు దగ్గర అదే పెట్టు.

ఇంకా తప్పదు పేపరే కావాలి అనుకో, గూగుల్ స్కాలర్‌లో ఆ పేపరు కింద ఆల్ వెర్షన్స్ అని చిన్న అక్షరాలతో ఉంటది, అది నొక్కితే రాసినవాళ్ల యూనివర్సిటీ సైట్‌లో పెట్టిన కాపీ చాలాసార్లు దొరుకుతుంది. అన్‌పేవాల్ అని బ్రౌజర్‌కి ఒక ఎక్స్‌టెన్షన్ ఉంది, ఫ్రీ కాపీ ఎక్కడైనా ఉంటే పేజీ పక్కన తాళం బొమ్మ ఆకుపచ్చగా వస్తుంది. అదీ లేకపోతే రాసినాయనకే మెయిల్ కొట్టు. వాళ్లకి ఆ ముప్పై డాలర్లలో పైసా రాదు, పంపించినా వాళ్లకి నష్టం లేదు, ఎక్కడో ఆంధ్రాలో ఊరివాళ్లు చదువుతాం అన్నారంటే ఇంకా సంతోషంగా పంపిస్తారు. ట్రిడ్ అని అమెరికా వాళ్ల డేటాబేస్ ఒకటుంది, రోడ్డు రవాణా మీద ప్రపంచంలో వచ్చిన లక్షల రిపోర్టులు, పేపర్ల వివరాలు అందులో దొరుకుతాయి, వెతకడం ఫ్రీ, రిపోర్టు ఫ్రీ అయితే లింకు కూడా అక్కడే ఉంటది.

మన దేశం సంగతి. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అని 2024 నవంబర్‌లో కేంద్ర కేబినెట్ ఓకే చేసింది, మూడేళ్లకి 6,000 కోట్లు, 30 మంది పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నల్స్. పేరు వింటే దేశమంతా చదువుకోవచ్చు అనిపిస్తది కదా, అది గవర్నమెంటు కాలేజీలు, యూనివర్సిటీలు, రీసెర్చ్ సంస్థల్లో ఉన్నవాళ్లకి మాత్రమే. నీలాంటోడికి, ప్రైవేటు కాలేజీ పిల్లోడికి, రిటైరైన ఇంజనీరుకి ఏమీ లేదు. 6,000 కోట్లు అందరి పన్నులోంచే పోయేయి గానీ గేటు లోపల ఉన్నోడికే పుస్తకం. నాకైతే ఇది ఒళ్లు మండే విషయం, కనీసం జిల్లా గ్రంథాలయానికి ఒక కంప్యూటర్‌లో ఇచ్చినా బాగుండేది. ఎచ్చెర్ల యూనివర్సిటీలో తెలిసిన స్టూడెంట్ ఎవరైనా ఉంటే అడిగి చూడు.

ఢిల్లీ ఐఐటీలో ట్రిప్ సెంటర్ వాళ్లు ఇండియాలో రోడ్డు భద్రత మీద స్టేటస్ రిపోర్ట్ వేస్తుంటారు, సైట్‌లో ఫ్రీ, అది చదువు. శోధ్‌గంగాలో మన యూనివర్సిటీల థీసిస్‌లు పూర్తిగా ఫ్రీ. పేపర్లు పర్మిషన్ లేకుండా ఫ్రీగా పెట్టే ఆ రష్యా వైపు సైటు, సై-హబ్ గురించి ఎవరైనా చెప్తారేమో, పబ్లిషర్లు కేసు వేస్తే ఢిల్లీ హైకోర్టు 2025 ఆగస్టులో దాన్ని బ్లాక్ చెయ్యమంది, అర్జీకి జతచేసే కాగితం అక్కణ్నుంచి తియ్యకు.

టెక్కలిలారీ:

మీరు కెమెరా కావాలని అర్జీలిస్తున్నారు, మేమేమో కెమెరా చూసి దండం పెడుతున్నాం. పలాస నుంచి జీడిపప్పు లోడు ఎత్తి వైజాగ్ దిగేలోపు ఎక్కడో ఒకచోట గన్ను బండి ఉంటది, ఎక్కడుంటది అంటే యాక్సిడెంట్లయ్యే జంక్షన్‌లో ఉండదు, బ్రిడ్జి దిగి రోడ్డు తిన్నగా ఖాళీగా ఉన్నచోట చెట్టు నీడలో ఉంటది. ఖాళీ రోడ్డు మీద ఎవడైనా స్పీడు పోతాడు, అక్కడ పడతాయి చలాన్లు. పెద్ద బండికి ఓవర్ స్పీడ్ అంటే కేంద్ర చట్టం ప్రకారం రెండు వేల నుంచి నాలుగు వేలు, ఓనరు మా బేటాలో కోస్తాడు. ఇంకో మాట, కెమెరా దగ్గర అందరూ బ్రేకు కొడతారు, దాటినాక మళ్లీ తొక్కుతారు, ఆ స్టడీలు రాసినోళ్లు లారీ ఎక్కి చూసేరా? 42 శాతం తగ్గిందంటే కెమెరా వల్లే తగ్గింది అని ఎలగ చెప్తారు, ఏ యేడాది ఎక్కువ ఏ యేడాది తక్కువ అవుతూనే ఉంటది కదా.

మూడులాంతర్లు:

అన్నా మీరు చివర్లో అడిగిందే ఈ రీసెర్చ్ మొత్తానికి గుండెకాయ లాంటి ప్రశ్న, వెటకారం కాదు నిజంగా చెప్తున్నా. ఒక జంక్షన్‌లో ఈ యేడాది అనుకోకుండా ఆరుగురు పోయేరనుకోండి, గొడవైంది, కెమెరా పెట్టేరు, వచ్చే యేడాది ఇద్దరే పోయేరు. కెమెరా పెట్టకపోయినా మళ్లీ మామూలు లెక్కకి అంటే ఇద్దరు ముగ్గురికే వచ్చేదేమో. యాక్సిడెంట్లు ఎక్కువైన యేడాది చూసి కెమెరా పెడతారు కాబట్టి తర్వాత ఎప్పుడూ తగ్గినట్టే కనిపిస్తది. నేను చెప్పిన బ్రిటన్ రిపోర్టులోనే వెనక అనుబంధంలో పట్టణ రోడ్ల సైట్లు కొన్ని తీసుకుని ఈ లెక్క వేసి చూస్తే, తగ్గినదాంట్లో పెద్ద వాటా కెమెరా వల్ల కాదని తేలింది, కెమెరా వాటా అసలు లేదని కాదు, చిన్నది. పేపర్లో హెడ్డింగ్ చదివినోడికి 42 తెలుస్తది, రిపోర్టు మొత్తం తెరిచి పెట్టేరు కాబట్టి అనుబంధం చదివినోడికి మిగతాది తెలుస్తది. అందుకే తాళం వేసిన పేపరు కంటే తెరిచిన రిపోర్టు మంచిది అనేది, మీలాంటోళ్లు తప్పు పట్టగలరు.

కెమెరా దాటినాక తొక్కడం కూడా వాళ్లకి తెలుసు, అందుకే కొన్ని దేశాల్లో రెండు కెమెరాలు కొన్ని కిలోమీటర్ల దూరంలో పెట్టి మధ్యలో సగటు స్పీడు తీస్తారు, ఒకచోట బ్రేకు కొడితే లాభం ఉండదు.

చెట్టు నీడ విషయంలో కూడా మీ దగ్గర పాయింటు ఉంది. కేంద్ర మోటారు వాహన రూల్స్‌లో 167ఏ అని 2021 ఆగస్టులో వచ్చింది. కెమెరా అయినా గన్ను అయినా ఆ పరికరానికి అప్రూవల్ సర్టిఫికెట్ ఉండాలి, యేటా రెన్యూ చెయ్యాలి, ఆ రోడ్డు ముక్క మొదలవకముందే ఇక్కడ నిఘా ఉంది అని బోర్డు కనపడేటట్టు పెట్టాలి, నోటీసు గడువు లోపల పంపాలి, ఫొటో, కొలిచిన స్పీడు, చోటు, టైము అన్నీ ఉండాలి. పరికరాలు ముందు ఏ ఊళ్లలో పెట్టాలో ఆ నోటిఫికేషన్‌లో 132 ఊళ్ల లిస్టు ఉంది, అందులో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి, ఈ ముక్క ఇక్కడ చాలామందికి తెలీదు. ఆపైన 2025 జూలై 1 నుంచి రాడార్ స్పీడ్ పరికరాలని తూనికలు కొలతల శాఖ తనిఖీ చేసి ముద్ర వెయ్యాలి, కిరాణా కొట్లో కాటాకి వేసినట్టే. చలానొస్తే ఆ ముద్ర ఉందా అని అడిగే హక్కు మీకుంది.

ఎచ్చెర్లసివిల్:

పైన అన్న చెప్పినవి బాగున్నాయి కానీ బ్రిటన్ లెక్క చూపిస్తే సారు మళ్లీ ఇది బ్రిటన్ కాదు కదా అంటారు. మీ ఊరి స్పీడు మీరే కొలవండి, పెద్ద పని కాదు. హైవే అంచున ప్రతి 200 మీటర్లకి ఒక చిన్న రాయి ఉంటది, లేకపోతే టేపుతో 200 మీటర్లు కొలిచి సున్నం గుర్తు పెట్టండి. రోడ్డుకి దూరంగా రెండు గుర్తులూ కనపడేటట్టు మేడ మీదో గట్టు మీదో కూర్చుని ఫోన్లో స్టాప్‌వాచ్ పట్టుకోండి. బండి మొదటి గుర్తు దాటినప్పుడు నొక్కాలి, రెండోది దాటినప్పుడు ఆపాలి. 12 సెకన్లు పడితే గంటకి 60 కిలోమీటర్లు, 9 సెకన్లయితే 80, 7.2 అయితే 100. ఒక సెకను అటూ ఇటూ అయితే లెక్క మారిపోతది కాబట్టి వీడియో తీసి ఇంటికొచ్చి నిదానంగా చూసుకోవడం ఇంకా నయం. ముందు బండి వెనకాల ఇరుక్కున్నవి వదిలెయ్యండి, ఫ్రీగా పోయేవే రాయండి. కార్లు, లారీలు, బైకులు వేరువేరుగా రాయండి. ఒక వంద కార్లు రాసి స్పీడు ప్రకారం కిందనుంచి పేర్చి 85వ కారు స్పీడెంతో చూడండి, ట్రాఫిక్ ఇంజనీర్లు మాట్లాడేది ఆ నంబరే.

ఆ తర్వాత నిల్సన్ లెక్క ఒకటుంది, స్వీడన్ ఆయన, సగటు స్పీడు ఒక శాతం తగ్గితే ప్రాణం పోయే యాక్సిడెంట్లు సుమారు నాలుగు శాతం తగ్గుతాయి, డబ్ల్యూహెచ్‌ఓ కూడా ఇదే వాడుతుంది. మీ దగ్గర సగటు 80 ఉందనుకోండి, గన్ను భయంతో 76కి దిగితే చాలు, 18 శాతం దాకా తేడా రావాలి. నాలుగు కిలోమీటర్లు అంటే డ్రైవరుకి తెలియను కూడా తెలీదు. అర్జీలో కెమెరా అన్న మాట కంటే ఈ నాలుగు కిలోమీటర్లు ముందు పెట్టండి.

నాగావళిరిటైర్డ్:

బాబూ, నేను శ్రీకాకుళంలో ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని, ఫైళ్ల మధ్యనే బతికేను కాబట్టి చెప్తున్నాను. మీరు విదేశాల తాళాల గురించి బాధ పడుతున్నారు, అసలు తాళం మన జిల్లాలోనే ఉంది. యాక్సిడెంట్ల వివరాలు ఇప్పుడు పోలీసులు ఈడార్ అనే యాప్‌లో ఎక్కిస్తున్నారు, చోటు, టైము, ఫొటో అన్నీ ఉంటాయి, అది అధికారులకే గానీ మనకి తెరుచుకోదు. ఢిల్లీలో రవాణా మంత్రిత్వ శాఖ యేటా వేసే పుస్తకం ఫ్రీగా దొరుకుతుంది, 2022లో దేశం మొత్తం మీద 1,68,491 మంది పోయేరని, అందులో 71 శాతం ఓవర్ స్పీడ్ వల్ల అని ఉంది. ఆ 71 శాతం చూసి మురిసిపోకండి. అది స్టేషన్లో ఫారం నింపిన ఆయన పెట్టిన టిక్కు, ఎవరూ గన్ను పట్టి కొలిచింది కాదు. లారీబాబు లాంటోళ్లు ఒక్క ప్రశ్నతో దాన్ని పడగొట్టేస్తారు.

మరేటి చెయ్యాలంటే, మీ స్టేషన్ ఎఫ్ఐఆర్‌లు లెక్కపెట్టండి. ఎఫ్ఐఆర్‌లు నెట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. నిర్లక్ష్యంతో మరణం అంటే 2024 జూన్ దాకా 304ఏ, జూలై నుంచి కొత్త చట్టంలో 106, సెక్షన్ మారింది కాబట్టి రెండూ చూడాలి లేకపోతే సగం లెక్క తప్పిపోతుంది. అందులో చోటు అనే గడిలో హైవే, ఫలానా డాబా ఎదురుగా, ఫలానా గుడి దగ్గర అని రాస్తారు, బయటి ఊరివాడికి ఆ డాబా ఎక్కడో తెలీదు, మీకు తెలుసు. అదే మీ బలం. అర కిలోమీటరు ముక్కలో మూడేళ్లలో చావులు గాని తీవ్ర గాయాలు గాని ఉన్న యాక్సిడెంట్లు ఐదు జరిగినా, లేదా పదిమంది పోయినా దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు, కేంద్రం పెట్టుకున్న లెక్కే. మీ జంక్షన్ ఆ లెక్కలోకి వస్తే కెమెరా పెట్టాలా వద్దా అనే వాదన ఎవరూ ఎత్తరు, హైవే వాళ్లే రావాలి.

మిగతాది సమాచార హక్కు కింద అడగండి. స్పీడ్ గన్ను వివరాలకి జిల్లా పోలీసు ఆఫీసు, బ్లాక్ స్పాట్ లిస్టుకి జాతీయ రహదారుల సంస్థ ఎన్‌హెచ్‌ఏఐ, వాళ్లది కేంద్రం కాబట్టి ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. ఫీజు పది రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మళ్లీ 30 రోజుల్లో అక్కడే పై అధికారికి అప్పీలు. ఎందుకు అడుగుతున్నారో కారణం రాయక్కర్లేదు.

టెక్కలిలారీ:

ఆర్టీఐలో గన్ను ఏ రోజు ఎక్కడ పెట్టేరో కూడా అడుగు తమ్ముడూ. చావులు ఒకచోట గన్ను ఇంకోచోట అని తేలితే నేనే మీ ఊరొచ్చి అర్జీ మీద సంతకం పెడతాను.

హైవేపక్కిల్లు:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్, ఇంత వస్తాదనుకోలేదు. కాక్రేన్ సారాంశం ప్రింటు తీసేను, ఆల్సప్ గారి రిపోర్టు ఫోన్‌లోకి దింపేను, మా చెల్లి డిగ్రీ చదువుతోంది తనకి తెలుగులో అరపేజీ రాసిపెట్టమన్నాను ఎందుకంటే ఊరి పెద్దలకి చదివి వినిపించాలి. మా మావయ్య వాళ్ల మేడ మీదనుంచి చూస్తే రెండు రాళ్లూ కనపడుతున్నాయి, ఈ ఆదివారం వీడియో తీస్తాం. ఆర్టీఐకి ఇలగ రాసేను, చూసి చెప్పండి.

ఒకటి, 2022 జనవరి నుంచి ఇప్పటిదాకా మా స్టేషన్ పరిధిలో హైవే మీద జరిగిన యాక్సిడెంట్ల ఎఫ్ఐఆర్ నంబరు, తేదీ, చోటు, చనిపోయినవారి సంఖ్య. రెండు, అదే కాలంలో స్పీడ్ గన్ను పెట్టిన తేదీలు, చోట్లు, నెలకి ఎన్ని చలాన్లు. మూడు, మా జంక్షన్‌లో ఇంతవరకు స్పీడ్ గన్ను ఎందుకు పెట్టలేదు. నాలుగు, వాడుతున్న గన్నుకి ఉన్న అప్రూవల్ సర్టిఫికెట్, తనిఖీ సర్టిఫికెట్ కాపీలు.

నాగావళిరిటైర్డ్:

బాగుంది బాబూ, మూడోది మార్చండి. సమాచార హక్కులో ఎందుకు అని అడిగితే ఇది సమాచారం కాదు అని ఒక్క లైను రాసి పంపేస్తారు, ఆ లైను చూపించి మిగతా మూడూ నానుస్తారు. దాని బదులు గ్రీవెన్స్‌లో మీరిచ్చిన అర్జీ నంబరు, తేదీ రాసి, ఆ అర్జీ మీద ఫైల్లో ఎవరెవరు ఏం నోటు రాసేరో ఆ పేజీల కాపీలు ఇవ్వండి అనండి. నాలుగో దాంట్లో గన్ను సీరియల్ నంబరు కూడా అడగండి, లేకపోతే వేరే గన్ను సర్టిఫికెట్ పంపే వీలుంటది. స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు ఫొటో తీసి పెట్టుకోండి, కాగితం రసీదు మీద అక్షరాలు కొన్నాళ్లకి చెరిగిపోతాయి, అప్పీలప్పుడు తేదీ దానితోనే చూపించాలి.